క్రేఫిష్ చెరువులో మునిగే పెల్లెట్ మేత: నాలుగు సీజన్ల తర్వాత నా మాట

బస్తా మీద 28 శాతం ప్రొటీన్ అని రాసి ఉండే మునిగే పెల్లెట్లను (గుళికల మేత) నాలుగు సీజన్లుగా నా క్రేఫిష్ (గట్టి గుల్ల ఉండే, రొయ్యలాంటి మంచినీటి జీవి) చెరువులో వాడుతున్నాను. మేత మంచిదే. కానీ చెరువులో గడ్డి లేకపోయినా ఇదొక్కటే గట్టెక్కిస్తుందని నమ్మితే దెబ్బతింటారు.

మొదటి సీజన్లో నేను అలాగే దెబ్బతిన్నాను. క్రేఫిష్ తినే గడ్డి కోసం చెరువులో వేసిన వరి పలచగా మొలిచింది. పెల్లెట్లు ఉన్నాయిగా అని ఊరుకున్నాను. చలికాలం సగం గడవకముందే గడ్డంతా కుళ్లి అయిపోయింది. బోన్లు ఎత్తిన ప్రతిసారీ అదే చిన్న సైజు, కాళ్లు తెగినవి కొన్ని. ఆకలికి ఒకదాన్నొకటి పీక్కుతింటున్నాయి.

క్రేఫిష్‌కి అసలు బలం వట్టి గడ్డిలో లేదు. నీళ్లలో కుళ్లుతున్న గడ్డి మీద జిగురు పొరలా బాక్టీరియా, ఫంగస్ పడతాయి. వాటిని తినడానికి పురుగులు, నత్తలు చేరతాయి. మంచి ప్రొటీన్, కొవ్వు, కొలెస్ట్రాల్ ఈ ప్రాణుల నుంచే వస్తాయి. కొలెస్ట్రాల్‌ని క్రేఫిష్ ఒంట్లో తయారుచేసుకోలేదు, తిండిలోనే దొరకాలి. పెరిగేటప్పుడు పాత గుల్ల విడిపించే హార్మోన్ దాంతోనే తయారవుతుంది.

పెల్లెట్లో నేను ముందు చూసేది ప్రొటీన్ అంకె కాదు, నీళ్లలో ఎంతసేపు నిలుస్తుందన్నది. గ్లాసు చెరువు నీళ్లలో నాలుగు పలుకులు వేసి, రెండు గంటలాగి వేలితో నొక్కుతాను. ఇది మెత్తబడుతుంది కానీ విడిపోదు. మధ్యలో ఒకసారి వేరే రకం తెస్తే అరగంటకే పిండయింది. క్రేఫిష్ పలుకును కాళ్లతో పట్టుకుని కొంచెం కొంచెంగా కొరుక్కుంటుంది, పిండిని ఏం పట్టుకుంటుంది?

నా అసంతృప్తి కాల్షియం గురించి. గుల్ల విడవబోయేదాన్ని కోసి చూస్తే పొట్టలో బొత్తాల్లాంటి తెల్లరాళ్లు రెండు కనిపిస్తాయి. కొత్త గుల్ల కోసం అది దాచుకున్న కాల్షియం అదే. కానీ అది సరిపోదు, మిగతాది ఎక్కువగా నీళ్ల నుంచే లాక్కోవాలి. బస్తా మీద ఈ ముక్క ఎక్కడా లేదు. నీళ్ల హార్డ్‌నెస్ (కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లెక్క) 50 పీపీఎం, అంటే లీటరుకు 50 మిల్లీగ్రాముల కంటే తగ్గకుండా నేనే చూసుకుంటున్నాను.

ఇప్పుడు వరి ఒత్తుగా పెంచి, గడ్డి పలచబడ్డాకే పెల్లెట్లు మొదలుపెడతాను, అదీ సాయంత్రం పూటే. రాత్రిళ్లే ఇవి బాగా తిరుగుతాయి. మిగిలిన మేత కుళ్లితే ఆక్సిజన్ పడిపోతుంది. ఒక తెల్లవారుజామున క్రేఫిష్‌లు వరి దుబ్బులెక్కి నీటిపైకి వచ్చేసరికి పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది. అప్పటినుంచి మేత ఎంత తిన్నాయో చూసుకునే ట్రేలో ఒక్క గుప్పెడు మిగిలినా ఆ రోజు మేత ఆపేస్తున్నాను.