వనపర్తి సిద్దీల చరిత్ర చదివేవారికి హార్లెం గ్రంథాలయం

పాలమూరు చరిత్ర మీద పనిచేసేవారికి న్యూయార్కులోని హార్లెం ప్రాంతంలో నల్లజాతి చరిత్ర కోసం నడిచే షోంబర్గ్ సెంటర్ అనే గ్రంథాలయాన్ని సూచిస్తే మొదట వింతగా తోచవచ్చు. కానీ వనపర్తి సంస్థానాధీశుని కొలువులో ఆఫ్రికా సంతతి సైనికులు ఉండేవారనీ, వారు తరువాత నిజాం సేనలో చేరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌గా పేరొందారనీ, హైదరాబాదులోని ఏసీ గార్డ్స్ బస్తీకి ఆ పేరే నిలిచిందనీ తెలిసినవారు దీని అవసరాన్ని వెంటనే గుర్తిస్తారు. మన సంస్థాన చరిత్రల్లో సిద్దీల, అంటే ఈ ఆఫ్రికా సంతతివారి, ప్రస్తావన చాలావరకు రెండు మూడు వాక్యాలతోనే ముగుస్తుంది. వారు ఏ తీరం నుంచి, ఏ పరిస్థితుల్లో వచ్చారో తెలుసుకోవాలంటే ఆఫ్రికా వైపు నుంచి చదవక తప్పదు.

న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి హార్లెంలో ఉన్న శాఖలో 1925లో నల్లజాతి చరిత్రకు ప్రత్యేక విభాగం మొదలైంది; నేటి షోంబర్గ్ సెంటర్‌కు మూలం అదే. ప్యూర్టో రికోలో పుట్టిన ఆర్టురో షోంబర్గ్ ఏళ్ల తరబడి సేకరించిన పుస్తకాలను, రాతప్రతులను, చిత్రాలను మరుసటి ఏడాది కార్నెగీ సంస్థ ఇచ్చిన 10,000 డాలర్లతో కొని అక్కడ చేర్చారు. ఆయనే 1932 నుంచి 1938లో మరణించేవరకు ఆ భాండాగారాన్ని చూసుకున్నారు. నల్లవారికి చరిత్రే లేదన్న మాటకు ఆధారాలతో బదులు చెప్పాలన్న పట్టుదల ఆ సేకరణ అంతటా కనిపిస్తుంది. నాకు ఈ సంస్థ మీద గౌరవం కలగడానికి అదే ముఖ్య కారణం.

మనకు అన్నింటికంటే ఉపయోగపడేది హిందూ మహాసముద్ర ప్రాంతంలోని ఆఫ్రికా సంతతిపై వారు ఉచితంగా అందుబాటులో ఉంచిన ఆన్‌లైన్ ప్రదర్శన. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడై, అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపించి 1626లో మరణించిన మాలిక్ అంబర్‌ను, కొంకణ తీరంలోని జంజీరా ద్వీపదుర్గాన్ని ఏలిన సిద్దీ పాలకులను, అరేబియా తీరాల్లోని ఆఫ్రికన్లను ఒకే చరిత్రలో భాగాలుగా చదివినప్పుడు, వనపర్తి సైనికులు ఏదో సంస్థానపు వింతగా కాక, శతాబ్దాల రాకపోకల్లో భాగస్వాములుగా కనిపిస్తారు. ఈ దృష్టి మన పాఠ్యపుస్తకాల్లో దొరకదు.

పాత ఫోటోల విషయంలోనూ సేవ ఉదారంగా ఉంది. కాపీహక్కుల కాలం ముగిసిన చిత్రాలను పెద్ద పరిమాణంలో, అనుమతి అడగనవసరం లేకుండా దించుకోవచ్చు. డిగ్రీ విద్యార్థుల ప్రాజెక్టులకు ఇది గొప్ప సదుపాయం.

అయితే లక్షలాది వస్తువులున్న ఆ భాండాగారంలో ఆన్‌లైన్‌లో కనిపించేది కొంత భాగమే. కాపీహక్కులున్న పత్రాల్లో చాలావాటిని అక్కడికి వెళ్లే చూడాలి. సమాచారం ఇంగ్లీషులో ఉంటుంది కనుక తెలుగు మాధ్యమ విద్యార్థులకు అధ్యాపకుల సాయం కావాలి. వనపర్తి గురించిన వివరాలు మాత్రం అక్కడ వెతకడం కంటే ఇక్కడి సంస్థాన పత్రాల్లో, హైదరాబాదు సిద్దీ కుటుంబాల జ్ఞాపకాల్లో వెతకడమే మేలు. ఆ పనికి దిగేముందు ఈ ప్రదర్శనను పూర్తిగా చదివితే, ఆ కుటుంబాల పెద్దలను ఏమి అడగాలో స్పష్టంగా తెలుస్తుంది.