డీడబ్ల్యూఐ రికార్డు: కౌంటీ పోర్టలా, క్లర్క్ కౌంటరా, డీపీఎస్ డేటాబేసా?

డాలస్ చుట్టుపక్కల ఎవరి మీదైనా మద్యం తాగి కారు నడిపిన కేసు (డీడబ్ల్యూఐ) ఉందో లేదో ఎక్కడ చూడాలి? నన్ను ఈ మాట అడిగేవాళ్లు రెండు రకాలు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో కూతురికి సంబంధాలు చూస్తూ, ఫ్రిస్కోలో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి గురించి వాకబు చేసే తల్లిదండ్రులు ఒక రకం. తమ మీదే పాత కేసు ఉండి, గ్రీన్‌కార్డు కోసమో పౌరసత్వం కోసమో దాని కాగితాలు వెతుక్కునేవాళ్లు రెండో రకం. ఇద్దరి సందేహమూ ఒకటే. ఇంట్లో కూర్చుని కౌంటీ (ఇక్కడి జిల్లా) కోర్టు రికార్డుల పోర్టల్లో చూస్తే చాలా, ఆ రికార్డులు ఉంచే క్లర్క్ ఆఫీసును అడగాలా, టెక్సస్ రాష్ట్ర ప్రజా భద్రత శాఖ డీపీఎస్ నడిపే డేటాబేసు మేలా?

చాలామంది వీటిని ఖర్చు, శ్రమ లెక్కలు వేసి పోలుస్తారు. నా కొలబద్ద వేరు. కేసు దొరికితే, వివరాల్లో హెచ్చుతగ్గులున్నా, కేసు ఉందన్న సంగతి ఎక్కడైనా తెలుస్తుంది. దొరకనప్పుడే అసలు తేడా. 'ఫలితాలు లేవు' అని తెర మీద వస్తే ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చు? నా దృష్టిలో ఏది మేలో తేల్చేది ఆ ఒక్క ప్రశ్నే.

ముందు కౌంటీ పోర్టల్ సంగతి. ఉచితం, అర్ధరాత్రి కూడా తెరిచే ఉంటుంది, హైదరాబాద్ నుంచి కూడా చూడవచ్చు. డాలస్, కాలిన్, డెంటన్ మూడు కౌంటీలూ ఒడిస్సీ అనే సాఫ్ట్‌వేరునే వాడుతున్నాయి (దాన్ని తయారుచేసే టైలర్ టెక్నాలజీస్ కార్యాలయం ప్లేనోలోనే ఉంది). కేసు దొరికితే ఇంతకంటే వివరంగా చెప్పేది మరొకటి లేదు. కాలిన్ కౌంటీ కాజ్ నంబరు, అంటే కేసు నంబరు చూడండి. మొదటి మూడు అంకెలు కోర్టును, చివరి నాలుగు సంవత్సరాన్ని చెబుతాయి. 001తో మొదలైతే ఒకటో కౌంటీ కోర్ట్ ఎట్ లా, 416తో మొదలైతే 416వ డిస్ట్రిక్ట్ కోర్టు. ఈ తేడా చిన్నది కాదు. మొదటిసారి పట్టుబడితే సాధారణంగా క్లాస్ బి నేరం, రక్తంలో ఆల్కహాలు 0.15 శాతం లేదా అంతకు మించితే దానికంటే పెద్దదైన క్లాస్ ఎ. ఈ రెండూ కౌంటీ కోర్ట్ ఎట్ లాలో నడుస్తాయి. మూడోసారి అయితే ఫెలనీ, అంటే తీవ్ర నేరం, డిస్ట్రిక్ట్ కోర్టుకు పోతుంది. కారులో 15 ఏళ్లలోపు పిల్లలుంటే మొదటిసారే ఫెలనీ.

నంబరు కింద తేదీల వారీగా రిజిస్టరు ఉంటుంది. పెళ్లిసంబంధం కోసం చూసేవాళ్లు పై వరుస చూసి ఆగిపోకూడదు, డిస్పోజిషన్ (కేసు ఎలా ముగిసిందన్నది) అని ఉన్న చోటి దాకా చదవాలి. కేసు కొట్టేసి ఉండవచ్చు. 'ఆబ్‌స్ట్రక్షన్ ఆఫ్ హైవే', అంటే దారికి అడ్డు తగలడం అనే ఆరోపణ కింద ముగిసి ఉండవచ్చు. మద్యం ఊసే లేని ఆ పేరు చూసి ఇదేదో ట్రాఫిక్ గొడవ అనుకుంటారు. డీడబ్ల్యూఐ కేసుల్లో ప్రాసిక్యూటరుతో ఒప్పందం కుదిరి అలా తేలడం ఇక్కడ మామూలే. కేసు ఏ ఆరోపణతో మొదలైందో కౌంటీ రికార్డులోనే చూడాలి.

ఇక పోర్టల్ ఖాళీ పేజీ చూపిస్తే? నేను దాన్ని నమ్మను. కారణాలు ఒకటి రెండు కావు.

మొదటిది కౌంటీ. కేసు పెట్టేది మనిషి నివసించే కౌంటీలో కాదు, పోలీసులు బండి ఆపిన కౌంటీలో. ఫ్రిస్కో ఊరు కాలిన్, డెంటన్ కౌంటీలు రెండింటిలోనూ ఉంది. క్యారల్టన్ డాలస్, డెంటన్, కాలిన్ మూడింటిలోకీ పాకింది. అబ్బాయి ఇల్లు ప్లేనోలో ఉందని కాలిన్ ఒక్కటే చూసి ఊరుకుంటే, డాలస్ నడిబొడ్డున ఏదో పార్టీ నుంచి వస్తూ పట్టుబడ్డ కేసు కనిపించదు.

రెండోది కాలం. అరెస్టయిన రోజునే కోర్టులో కేసు పుట్టదు. రక్త నమూనా ల్యాబుకు పోయి, ఫలితం వచ్చి, ప్రాసిక్యూటరు అభియోగపత్రం దాఖలు చేసేసరికి నెలలు గడవవచ్చు. క్లాస్ ఎ, బి నేరాలకు చట్టం 2 ఏళ్ల గడువు ఇచ్చింది. ఈ మధ్యలో కోర్టు రికార్డులో ఏమీ ఉండదు. పోయిన నెలలో అరెస్టయిన మనిషి కూడా పోర్టల్లో నిష్కళంకుడిగా కనిపించవచ్చు.

మూడోది పేరు. మనవాళ్ల విషయంలో అన్నిటికంటే పెద్ద చిక్కు ఇదే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి చేరి, అసలు పేరు స్థానంలో 'ఎఫ్ఎన్‌యూ' (పేరు తెలియదు అని అర్థం) అనే మూడక్షరాలు పడతాయి. అది లైసెన్సుకు ఎక్కి, అక్కడి నుంచి కోర్టు రికార్డుకూ ఎక్కుతుంది. అలాంటి మనిషిని పేరు, ఇంటిపేరు విడివిడిగా కొట్టి ఎంత వెతికినా దొరకడు. ఆపైన ఇంగ్లిషు స్పెల్లింగులు. కొన్ని పోర్టళ్లలో సౌండెక్స్ అని ఒక సదుపాయం ఉంటుంది. ఒకేలా పలికే పేర్లను అది ఒకే గుంపులో చేరుస్తుంది. లక్ష్మిని 'కెఎస్‌హెచ్' పెట్టి రాసినా 'ఎక్స్' పెట్టి రాసినా, మూర్తిని ఒక 'యు'తో రాసినా రెండు 'ఓ'లతో రాసినా పట్టుకుంటుంది. మొదటి అక్షరం మారిందా, చేతులెత్తేస్తుంది. ఉప్పల అన్న ఇంటిపేరును ఒకరు 'యు'తో రాస్తారు, ఇంకొకరు ముందు 'వి' తగిలిస్తారు. ఎర్రా వారిలో కొందరు 'ఇ'తో, కొందరు 'వై'తో మొదలుపెడతారు. సౌండెక్స్‌కు వీళ్లు వేరువేరు మనుషులు. ఇంటిపేరులోని మొదటి మూడు నాలుగు అక్షరాలు కొట్టి చివర నక్షత్రం గుర్తు పెట్టి వెతకండి. మొదటి అక్షరం రెండు రకాలుగా రాయగలిగితే రెండూ ప్రయత్నించండి. దీనికి ఎదురు ప్రమాదమూ ఉంది. శ్రీనివాస్ రెడ్డి పేరుతో ఎవరో ఒకరు ఎప్పుడూ దొరుకుతారు. పుట్టిన తేదీ, చిరునామా కలవకుండా అతనే ఇతననుకుంటే ఒక నిర్దోషి సంబంధం చెడగొట్టినవాళ్లవుతారు.

నాలుగోది సీలు. మొదటిసారి డీడబ్ల్యూఐలో దోషిగా తేలినవాళ్లు కూడా కొన్ని షరతుల మీద నాన్‌డిస్‌క్లోజర్ ఉత్తర్వు తెచ్చుకునే వీలు 2017 నుంచి ఉంది. ఆ ఉత్తర్వు వస్తే రికార్డు ఉంటుంది గానీ జనానికి చూపరు. ఎక్స్‌పంక్షన్ అయితే రికార్డునే తుడిచేస్తారు. రెండు సందర్భాల్లోనూ పోర్టల్ ఖాళీయే.

సాఫ్ట్‌వేరు సొంత లోపాలు వీటికి అదనం. డాలస్ కౌంటీ 2023 మేలో క్రిమినల్ కేసుల్ని ఒడిస్సీకి మార్చినప్పుడు కేసుల సమాచారం గందరగోళమై, జైలు నుంచి విడుదలలు కూడా ఆలస్యమయ్యాయి.

డీపీఎస్ డేటాబేసు మంచి గుణం, కౌంటీ గొడవ లేకపోవడం. కొద్దిపాటి రుసుము కడితే టెక్సస్ మొత్తాన్నీ ఒకేసారి వెతుకుతుంది. ఎక్కడ పట్టుబడ్డాడో తెలియని మనిషి గురించి వెతికేటప్పుడు అది పెద్ద సౌకర్యమే. అయితే జనానికి చూపేది శిక్ష పడిన కేసులు, డిఫర్డ్ అడ్జుడికేషన్ (దోషిగా తేల్చకుండా షరతులు పెట్టి వాయిదా వేయడం) ఇచ్చిన కేసులు మాత్రమే. నడుస్తున్నవి, కొట్టేసినవి ఉండవు. కౌంటీలు పంపితేనే సమాచారం చేరుతుంది, పంపనిది చేరదు. వెతికేది పేరు మీదే కాబట్టి స్పెల్లింగుల తంటా ఇక్కడా తప్పదు. అందుకే దీని ఖాళీ పేజీకి నా లెక్కలో పోర్టల్ కంటే తక్కువ విలువ. ఏ కౌంటీలో చూడాలో తెలుసుకోవడానికి వాడుకోండి, అంతవరకే.

నా మొగ్గు క్లర్క్ కౌంటరు వైపు. క్లాస్ ఎ, బి కేసులకు కౌంటీ క్లర్క్, ఫెలనీలకు డిస్ట్రిక్ట్ క్లర్క్. మన ఈ మూడు కౌంటీల్లో పద్ధతి ఇదే, హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో మాత్రం రెండూ డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గరే. కాలిన్ వాళ్లు మెకినీలో బ్లూమ్‌డేల్ రోడ్డు మీద, డాలస్ వాళ్లు ఫ్రాంక్ క్రౌలీ కోర్టుల భవనంలో, డెంటన్ వాళ్లు ఈస్ట్ మెకినీ స్ట్రీట్‌లో ఉంటారు. పేరు, పుట్టిన తేదీ రాసిచ్చి వెతకమంటే మనిషి కూర్చుని వెతుకుతాడు. స్పెల్లింగు ఇలా కూడా ఉండవచ్చు అని చెబితే అదీ చూస్తాడు. ఏమీ లేకపోతే, ఫలానా పేరు, ఫలానా పుట్టిన తేదీతో రికార్డు లేదని రాతపూర్వకంగా అడగవచ్చు. ఈ మూడింటిలో ఖాళీ ఫలితానికి ముద్ర, సంతకం దొరికేది ఇక్కడే. సీలు వేసిన కేసు గురించి ఆ కౌంటరూ నోరు విప్పదు, దాఖలు కాని కేసు అక్కడా ఉండదు. అయినా మిగతా రెండింటితో పోలిస్తే నమ్మకం ఎక్కువ.

రెండో రకం వాళ్లకైతే అసలు ఎంపికే లేదు. పోర్టల్ పేజీ ప్రింటు తీసి ఇమిగ్రేషన్ దరఖాస్తుకు జతచేస్తే పని కాదు. ముద్ర వేసిన సర్టిఫైడ్ డిస్పోజిషన్ అడుగుతారు, అది క్లర్క్ దగ్గరే దొరుకుతుంది. కౌంటీ క్లర్క్ దగ్గర సర్టిఫికేటుకు 5 డాలర్లు, పేజీకి 1 డాలరు. టెక్సస్‌లో 2019 సెప్టెంబరు నుంచి మొదటిసారి డీడబ్ల్యూఐకి, రక్తంలో ఆల్కహాలు 0.15 శాతం లోపు ఉంటే, డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇవ్వడం మొదలైంది. షరతులు పూర్తిచేస్తే రాష్ట్రం దాన్ని శిక్షగా లెక్కించదు. నేరం ఒప్పుకున్నాక కోర్టు షరతులు పెట్టింది కాబట్టి ఇమిగ్రేషన్ చట్టం మాత్రం శిక్షగానే లెక్కిస్తుంది. వీసా విషయంలో అంతదాకా కూడా పోనక్కరలేదు. 2015 నవంబరు నుంచి అరెస్టు ఒక్కటి చాలు, కేసు తేలకముందే వీసా రద్దుచేసే విధానం అమలులో ఉంది. వీసా దరఖాస్తులో అడిగేది ఎప్పుడైనా అరెస్టయ్యారా అని, పోర్టల్లో కనిపిస్తున్నారా అని కాదు. వీసా అధికారులు వేలిముద్రలతో చూస్తారు, స్పెల్లింగుతో కాదు.

మిగిలినవి రెండు మాటల్లో. డబ్బు తీసుకుని నేపథ్యం వెతికిపెడతామనే ప్రైవేటు సైట్లు ఈ ప్రభుత్వ రికార్డుల పాత నకళ్లనే అమ్ముతాయి, కొట్టేసిన కేసులు కూడా వాటిలో అలాగే ఉండిపోతాయి. వదిలేయండి. జైలు రికార్డుల పేజీ తాజాగా అరెస్టయినవాళ్ల కోసం పనికొస్తుంది. లైసెన్సు సస్పెన్షన్ విచారణ కోర్టు కేసుతో సంబంధం లేని వేరే వ్యవహారం, అది కౌంటీ రికార్డులో వెతికితే ఉండదు.

సొంత కేసున్నవాళ్లకు వరుస ముఖ్యం. ఎక్స్‌పంక్షన్‌కు అర్హత ఉందని లాయరు చెబితే, పిటిషను వేయకముందే క్లర్క్ దగ్గరకు వెళ్లి సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకుని దాచుకోండి. ఉత్తర్వు అమలయ్యాక అదే కౌంటరులో అడిగితే అలాంటి కేసే లేదంటారు. ఇమిగ్రేషన్ అధికారి మాత్రం ఆ కాగితం అడుగుతూనే ఉంటాడు.