పోస్టుకార్డు మీద ఫేస్‌బుక్ పోస్టు: పెన్ ప్లాటర్‌తో నా అనుభవం

నా బల్ల మీద ఉన్నది ఏ4 కాగితం పట్టే పెన్ ప్లాటర్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు కలం పట్టి రాసే యంత్రం. రెండు స్టెప్పర్ మోటార్లు కలాన్ని నాలుగు దిక్కులా నడుపుతాయి, చిన్న సర్వో మోటారు ఎత్తి దించుతుంది. స్నేహితులు ఫేస్‌బుక్‌లో పెట్టే చిట్టి కవితలను, జ్ఞాపకాలను వాళ్లను అడిగి, దీని చేత పోస్టుకార్డుల మీద రాయించి వాళ్లకే పంపుతుంటాను. కొన్నేళ్లుగా ఇదే నా వ్యసనం. కొనవచ్చా అని అడిగేవారికి నా జవాబు: ఇంగ్లీషు రాయించడానికైతే నిశ్చింతగా కొనండి. తెలుగుకైతే చాలా ఓపిక కావాలి.

చిక్కంతా ఫాంటుతోనే. కంప్యూటర్లో కనిపించే అక్షరాలు లోపల రంగు నింపిన ఆకారాలు. వాటిని ఉన్నవున్నట్టు ఇస్తే ప్లాటర్ అంచులు మాత్రం గీస్తుంది, ‘అ’ కాస్తా బోలుగా తయారవుతుంది. దీనికి కావలసింది ఒంటిగీత అక్షరాలు. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పనిచేసిన హెర్షీ 1967లో ప్రచురించిన గీతాక్షరాలను ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ఈనాటికీ వాడుకుంటున్నాం. ఆయన గ్రీకు, రష్యన్, జపనీస్ లిపులకూ గీతలు సమకూర్చారు, తెలుగు ఆ జాబితాలో లేదు. కాబట్టి గుణింతాలు, ఒత్తులు అన్నీ టాబ్లెట్ మీద నేనే గీసుకున్నాను. ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటివి విడివిడిగా గీయక తప్పలేదు. తరచుగా వచ్చే అక్షరాలకు రెండు మూడు రూపాలు పెట్టుకోండి. ఒకే ‘న’ పదిసార్లు అచ్చుగుద్దినట్టు వస్తే చేతిరాత అనే భ్రమ అక్కడే పోతుంది.

మరో సంగతి. కలం గాలిలో తిరిగే దూరం తగ్గించడానికి సాఫ్ట్‌వేర్ గీతల వరుసను మార్చేస్తుంది. తలకట్లు ముందు, అక్షరాలు తర్వాత! ఓనమాలు దిద్దినవారెవరూ చూసి భరించలేరు. నేను ఆ సదుపాయం ఆపేశాను. ఆలస్యమైనా చూడటానికి ముచ్చటగా ఉంటుంది.

బాల్‌పెన్నుకు ఒత్తిడి చాలదు, గీత మధ్యలో తెగుతుంది. జెల్ పెన్ను మేలు. పాళీ కలంతో, ముఖ్యంగా మా రాజమండ్రి రత్నం పెన్నుతో, అక్షరానికి వచ్చే నిండుదనం వేరు. అయితే పని కాసేపు ఆగితే సిరా ఆరిపోతుంది. స్విట్జర్లాండ్‌లోని నోషాటెల్ మ్యూజియంలో 1770ల నాటి రాతబొమ్మ, అంటే తనంతట తానే రాసే యంత్రపు బొమ్మ, ఉంది. అది ఈక కలాన్ని తానే సిరాలో ముంచి, విదిలించి మరీ రాస్తుంది. ఆ నేర్పు నా ప్లాటర్‌కు లేదు.

ఇక ఏం రాయించాలి? ఎమోజీలు, హ్యాష్‌ట్యాగులు, లింకులు కాగితం మీద వెలవెలబోతాయి, తీసేయండి. కోపంతో పెట్టిన పోస్టులు ఇంకా విచిత్రం. ఒకసారి సరదాకు ఒక వాదులాట మొత్తం రాయించాను. తిట్లు గుండ్రటి అక్షరాలలో నింపాదిగా ఒక్కొక్కటే దిగుతుంటే నవ్వాగలేదు. బాగా నిలిచేవి నాలుగైదు వాక్యాల చిన్న జ్ఞాపకాలే. అమ్మ చేసిన ఆవకాయ గురించి ఒక స్నేహితురాలు రాసిన పోస్టును ఆవిడ వంటింటి గోడకు అంటించుకున్నారు.

సర్వో మోటారు అరిగే వస్తువు, నాది ఒకసారి మార్చాను. విడిభాగాలు మన దగ్గర దొరికే యంత్రాన్నే ఎంచుకోండి. కాగితాన్ని నాలుగు మూలలా టేపుతో బిగించాకే మీట నొక్కండి.