పరీక్షలన్నీ నార్మల్, బాధ మాత్రం తగ్గలేదు: ఎవరి దగ్గరికి వెళ్లడం మేలు?

నెలల తరబడి వదలని నీరసం, వచ్చిపోయే జ్వరం, కారణం లేకుండా తగ్గుతున్న బరువు, ఒకరోజు మోకాలిలో మరోరోజు మణికట్టులో కనిపించే వాపు. ఇద్దరు ముగ్గురు డాక్టర్లకు చూపించాం, రిపోర్టులన్నీ నార్మల్ అన్నారు, టెన్షన్ తగ్గించుకోమన్నారు, బాధ మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు కార్పొరేట్ ఆసుపత్రిలో పెద్ద స్పెషలిస్టును కలవాలా, ఊళ్లో ఉన్న ఎండీ ఫిజీషియన్‌నే నమ్ముకోవాలా, లేక నిమ్స్‌కో గాంధీకో కేజీహెచ్‌కో వెళ్లాలా? నాకు ఉత్తరాలు రాసే పాఠకులలో చాలామంది అడిగే ప్రశ్న ఇదే. ఇంతవరకు ఎవరికి వారికి విడిగా జవాబులు రాస్తూ వచ్చాను. అందరికీ పనికివచ్చే భాగాన్ని ఇక్కడ ఒకచోట చెబుతాను.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. ఛాతీలో బిగపట్టినట్టు నొప్పి, మూతి వంకర పోవడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, రక్తం కక్కుకోవడం, స్పృహ తప్పడం వంటివాటికి ఈ తర్జనభర్జన ఏదీ అక్కరలేదు. వెంటనే 108కి ఫోన్ చేసి, దగ్గరలో అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రికి చేరాలి. నేను చెప్పబోయేదంతా నిలకడగా వేధిస్తూ, పేరు తేలని బాధల గురించి.

మొదట స్పెషలిస్టుల సంగతి చూద్దాం. బాధ ఫలానా అవయవానిదని స్పష్టంగా తెలిసినప్పుడు నేరుగా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లడమే సరైన దారి. రొమ్ములో గడ్డ తగిలినా, మలంలో రక్తం కనిపించినా మధ్యలో ఇంకొకరి కోసం ఆగవలసిన పని లేదు. నెలసరి వచ్చిన ప్రతిసారీ మంచం దిగలేనంత నొప్పి వచ్చే అమ్మాయిని కూడా నేరుగా గైనకాలజిస్టుకే చూపించాలి. స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోయినా ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర వంటిది బయట పెరిగే జబ్బు) ఉండవచ్చు కనుక, 'స్కాన్ నార్మల్' అన్న మాటతోగానీ, 'పెళ్లయితే అదే తగ్గుతుంది' అన్న మాటతోగానీ సరిపెట్టుకోకుండా ఆ జబ్బు పేరెత్తి అడగాలి. కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఉన్న వసతి ఏమిటంటే, అనుమానం వచ్చిన పరీక్ష ఆ పూటే జరిగిపోతుంది.

చిక్కల్లా బాధ ఏ అవయవానిదో తెలియనప్పుడే వస్తుంది. ఏ విభాగానికి వెళ్లాలో అప్పుడు రోగే ఊహించుకోవలసి వస్తుంది. కళ్లు తిరుగుతున్నాయని నరాల డాక్టరు దగ్గరికి, గుండె దడ అని గుండె డాక్టరు దగ్గరికి, ఆకలి లేదని గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళతాం. ఎవరికి వారు తమ అవయవం వరకు నిజాయితీగానే పరిశీలించి, ఇక్కడ ఏ దోషమూ లేదని చెబుతారు. మూడు చోట్ల విన్న 'నార్మల్'ను కలిపి మనిషే నార్మల్ అని ఇంట్లోవాళ్లు అర్థం చేసుకుంటారు.

తెనాలిలో ఉండే మా చిన్నక్క విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. నీరసం, వాంతి వచ్చినట్టుండడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, నెలనెలా బరువు తగ్గడం ఆమె బాధలు. ఒకచోట ఎండోస్కోపీ చేసి కొద్దిగా గ్యాస్ట్రైటిస్ ఉందన్నారు. మరొకచోట ఈసీజీ, టూడీ ఎకో తీసి గుండె బాగుందన్నారు. మూడోచోట మనసు కుదుటపరచుకోమని చెప్పి నిద్రమాత్రలు రాశారు. చివరికి ఊళ్లోనే ఉన్న ఒక ఫిజీషియన్‌కు చూపించినప్పుడు నేనూ వెంట ఉన్నాను. ఆయన ఫైలు పక్కన పెట్టి, కిందటి సంక్రాంతికి ఏయే పనులు చేసుకోగలిగేవారు, ఇప్పుడు ఏవి చేసుకోలేకపోతున్నారు అని అడిగారు. బల్ల మీద పడుకోబెట్టి బీపీ చూశారు. లేచి నిలబడమని, మూడు నిమిషాలయ్యాక మళ్లీ చూశారు. పై అంకె 20 పాయింట్లకు మించి తగ్గింది. అరచేతులు చాపించి గీతల్లోని నలుపును, పెదవి పైకెత్తి చిగుళ్ల మీది నల్లని మచ్చలను చూశారు. ఏం తింటున్నారని అడిగితే, అన్నం సయించకపోయినా ఆవకాయ మాత్రం ఉత్తదే తినాలనిపిస్తోందనీ, మజ్జిగలో ఉప్పు ఎంత వేసుకున్నా చాలడం లేదనీ మా అక్క చెప్పింది. అప్పుడాయన ఫైలు తెరిచి, పాత రిపోర్టుల్లో ఒకదానిలో సోడియం తక్కువగా ఉన్న పంక్తి కింద పెన్నుతో గీత గీశారు.

మర్నాడు ఉదయం 8 గంటలకు తీసిన రక్తంలో అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోను చాలా తక్కువగా ఉన్నట్టు తేలింది. మూత్రపిండాల మీద ఉండే ఆ గ్రంథులు పనిచేయకపోవడం వల్ల వచ్చే జబ్బు ఇది. 1855లో థామస్ అడిసన్ అనే ఇంగ్లండు వైద్యుడు వర్ణించాడు కనుక ఆయన పేరుతోనే దీన్ని పిలుస్తారు. మన దేశంలో దీనికి క్షయ కూడా ఒక ముఖ్య కారణం కాబట్టి ఆ పరీక్షలూ చేయించారు. గుర్తించకుండా వదిలేస్తే, మామూలు జ్వరమో వాంతులో పట్టుకున్నప్పుడు బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. గుర్తిస్తే రోజూ వేసుకునే మాత్రలతో మనిషి తన పనులు తాను చేసుకుంటుంది. అరచేతుల నలుపును అందరూ ఎండ వల్ల అనుకున్నారు. ఉప్పు మీది యావ బాధల జాబితాలోకి వస్తుందని మా అక్కకే తోచలేదు.

నా దృష్టిలో నిర్ణయం దీని మీదే ఆధారపడాలి: మీ కథ మొత్తాన్ని గుర్తు పెట్టుకునే డాక్టరు ఒకరు ఉన్నారా లేదా అన్నదాని మీద. పరికరాలు, అంతస్తులు, డిగ్రీల వరుస అన్నీ దాని తర్వాతే. పేరు తేలని జబ్బు చాలాసార్లు కాలక్రమంలో బయటపడుతుంది. మొదటి వారంలో లేని గుర్తు ఆరో వారంలో కనిపిస్తుంది. ఆ మార్పును పట్టుకోవాలంటే మొదటి వారంలో చూసిన కళ్లే ఆరో వారంలోనూ చూడాలి. డాక్టరును మార్చిన ప్రతిసారీ మనం మళ్లీ మొదటిసారి వచ్చిన రోగులమవుతాం. మొదటిసారి వచ్చిన నీరసానికి ఎవరైనా రాసేది బలానికి మాత్రలే. ఇంగ్లండులో 2025లో 'జెస్ నియమం' పేరుతో ఒక మార్గదర్శకం తెచ్చారు. ఒకే బాధతోనో, ముదురుతున్న లక్షణాలతోనో రోగి మూడోసారి వచ్చినా జబ్బు తేలకపోతే, కుటుంబ వైద్యుడు తన అంచనాను మొదటి నుంచి సరిచూసుకోవాలన్నది దాని సారాంశం. అక్కడ స్థిరపడిన తెలుగువారు ఆ పేరు చెప్పి అడగవచ్చు. మనకు అలాంటి నియమం లేకపోయినా, అదే డాక్టరు దగ్గరికి మూడోసారి వెళ్లి, 'డాక్టర్ గారూ, ఇదే బాధతో ఇది మూడోసారి రావడం, ఇంకేమైనా అయి ఉంటుందా?' అని మర్యాదగా అడగడానికి నియమం అక్కరలేదు.

అందుకే జనరల్ మెడిసిన్ ఎండీ చేసి, సొంత క్లినిక్‌లోనో చిన్న ఆసుపత్రిలోనో ఏళ్ల తరబడి ఒకేచోట ఉన్న ఫిజీషియన్ వైపే నేను మొగ్గుతాను. అందరూ ఒకేలా ఉండరన్నది నిజమే. సాయంత్రం ఓపీలో వంద మందిని చూసే చోట మీకు దక్కేది రెండు నిమిషాలే. అలాంటప్పుడు ముందుగా ఫోన్ చేసి, జనం పలచగా ఉండే వేళ అడిగి వెళ్లడం మంచిది. నాడి, బీపీ, కళ్ల రెప్పలు, మెడ గ్రంథులు, పొట్ట చూడకుండా చీటీ రాసే డాక్టరు పేరుకు ఫిజీషియన్ అయినా మీ పనికి రాడు. మంచి ఫిజీషియన్ అవసరమైనప్పుడు స్పెషలిస్టుకు తానే చీటీ రాసి పంపుతాడు, ఏ అనుమానంతో పంపుతున్నాడో అందులో రాస్తాడు. ఆ రెండు పంక్తులతో వెళ్లిన రోగికి స్పెషలిస్టు దగ్గర జరిగే పరీక్షే వేరుగా ఉంటుంది.

ప్రభుత్వ బోధనాసుపత్రులకు మన చదువుకున్న కుటుంబాలు ఇవ్వవలసినంత విలువ ఇవ్వడం లేదని నా అభిప్రాయం. హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ, నిమ్స్, విశాఖలో కేజీహెచ్, గుంటూరులో జీజీహెచ్, తిరుపతిలో స్విమ్స్ వంటి చోట్ల అరుదైన జబ్బులను చూసి చూసి చేయి తిరిగిన ఆచార్యులు ఉంటారు. వార్డులో చేరిన రోగి చరిత్రను పీజీ విద్యార్థి గంటసేపు కూర్చుని, చిన్నప్పటి జబ్బుల నుంచి ఇంట్లోవాళ్ల జబ్బుల వరకు అడిగి రాసుకుంటాడు. మర్నాడు రౌండ్స్‌లో దాని మీద చర్చ జరుగుతుంది. అంత శ్రద్ధగా మీ కథ వినే మరో చోటు నాకు తెలియదు. ఇబ్బంది ఓపీలోనే ఉంది. రద్దీ విపరీతం, కూర్చోవడానికి చోటుండదు, పెద్దవారికి ఆ వరసలు నరకం. ఒక కిటుకు మాత్రం తెలుసుకోవాలి. జనరల్ మెడిసిన్ విభాగం యూనిట్లుగా ఉంటుంది, ఒక్కో యూనిట్‌కు ఓపీ రోజులు వేరు. మొదటిసారి చూసిన యూనిట్ ఏదో ఓపీ చీటీ మీద చూసుకుని మళ్లీ ఆ రోజే వెళ్లాలి. వేరే రోజు వెళితే కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఊళ్లోని ఫిజీషియన్ తనకు అంతు చిక్కలేదని చెప్పినప్పుడు, ముఖ్యంగా మూడు వారాలు దాటిన జ్వరానికి, నా రెండో ఎంపిక ఇదే. 1961లో పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే అమెరికా వైద్యులు అంతుపట్టని జ్వరానికి 101 డిగ్రీలు, మూడు వారాలు అని హద్దు గీశారు. ఆ హద్దు దాటిన జ్వరాన్ని ఇంట్లో ఉంచుకుని మందులు మార్చుకుంటూ పోవడం ప్రమాదం.

మిగిలినవాటి గురించి ఎక్కువ చెప్పను. మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీలు బాధ లేనివారికి షుగరు, కొలెస్టరాల్ చూడడానికి ఉద్దేశించినవి. పైన చెప్పిన కార్టిసాల్ వంటి పరీక్ష వాటిలో సాధారణంగా ఉండదు కనుక అందులో వచ్చే 'నార్మల్'కు ఇక్కడ పెద్ద అర్థం లేదు. వీడియో కన్సల్టేషన్ పాత రిపోర్టులపై రెండో అభిప్రాయానికి పనికివస్తుందిగానీ, పొట్ట నొక్కి చూడడానికి పనికిరాదు. ఆర్‌ఎంపీల దగ్గర ఇంజెక్షన్లు మాత్రం ఈ దశలో వద్దేవద్దు. స్టెరాయిడ్ పడితే నాలుగు రోజులు హాయిగా ఉండి అసలు గుర్తులు మరుగున పడతాయి. లీవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ వాడితే క్షయ కొన్నాళ్లు తగ్గినట్టే కనిపించి నిర్ధారణ ఆలస్యమవుతుంది.

ఎవరి దగ్గరికి వెళ్లినా ఒక తెల్లకాగితం తీసుకెళ్లండి. ఏ నెలలో ఏది మొదలైంది, ఏది తర్వాత వచ్చింది, బరువు ఎంత ఉండేది, ఎంతకు తగ్గింది, జ్వరమైతే థర్మామీటరులో ఎంత చూశారు అన్నవి వరుసగా ఒక పేజీలో రాయాలి. గూగుల్‌లో చూసిన జబ్బుల పేర్లు రాయవద్దు. 'చాలా నీరసం' అన్న మాట డాక్టరు రోజుకు యాభైసార్లు వింటారు. 'మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్లి మధ్య మెట్టు మీద కూర్చుండిపోతున్నాను' అని చెబితే ఆగి వింటారు. వాపులు, దద్దుర్లు అపాయింట్‌మెంటు నాటికి మాయమవుతాయి కాబట్టి కనిపించినప్పుడే ఫోటో తీసి ఉంచాలి. వాడిన మందుల ఖాళీ స్ట్రిప్పులన్నీ ఒక కవరులో వేసి తీసుకెళ్లాలి. ఏ ఊరిలో ఎన్నేళ్లు ఉన్నారో కూడా చెప్పాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పెరిగిన మనిషికి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలనీ, నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మనిషి నడుం బిగుసుకుపోవడాన్ని మరో కోణంలో చూడాలనీ డాక్టరుకు తట్టడానికి ఆ ఒక్క మాట చాలు.

ఆడవాళ్ల విషయంలో ఇంకొకటి చెప్పక తప్పదు. గదిలోకి వెళ్లగానే డాక్టరు భర్తను అడుగుతారు, ఆయన 'ఏం లేదు సార్, ఊరికే కంగారు పడుతుంది' అని మొదలుపెడతాడు. అక్కడితో సగం నిర్ణయం జరిగిపోతుంది. బాధ పడుతున్న మనిషే తన నోటితో చెప్పాలి, వెంట వచ్చినవారు ఆమె మరిచిపోయినది మాత్రమే అందించాలి. టెన్షన్ వల్ల శరీరం బాధపడడం అబద్ధమేమీ కాదు, దానికీ వైద్యం ఉంది. అయితే ఆందోళన జబ్బును కూడా దాని లక్షణాలను అడిగి తెలుసుకునే నిర్ధారించాలి. మిగతావేవీ దొరకలేదు కనుక ఇదే అనడానికి వీల్లేదు. శరీరాన్ని పరీక్షించకముందే టెన్షన్ అన్న మాట వచ్చిందా, పరీక్షించాక వచ్చిందా అన్నది గమనించండి.

ఒకే డాక్టరును పట్టుకోమన్నాను కదా అని ఎన్నాళ్లయినా కదలకుండా ఉండమని నా ఉద్దేశం కాదు. ప్రతిసారీ లేచేముందు 'ఎన్ని రోజుల్లో తగ్గాలి, తగ్గకపోతే తర్వాత ఏం చూద్దాం?' అని అడగండి. రెండు మూడుసార్లు అడిగినా ఆ ప్రశ్నకు జవాబు రాకపోయినా, అడిగినందుకు విసుక్కున్నా మార్చవలసిందే. మార్చేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్లకండి. కేసు కాగితాలు కావాలని రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనల్లో ఉంది. రెండో అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కు అని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. డిశ్చార్జి సమ్మరీ, రక్త పరీక్షలు, స్కానింగ్ ఫిల్ములు తేదీల వరుసలో పెట్టుకుని, పైన ఆ ఒక్క పేజీ కాగితం ఉంచి కొత్త డాక్టరుకు ఇవ్వండి. పాతచోట ఏ జబ్బులు లేవని తేలిందో ఆయనకు మొదటి అయిదు నిమిషాల్లోనే తెలుస్తుంది.