మెట్ట చేనుకు ఏది మేలు: జామాయిలా, నవధాన్యాలా?

ఊరికి దూరంగా ఉంటున్నవాళ్లు, కూలీలు దొరక్క విసిగిపోయినవాళ్లు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు: వర్షాధారపు చేనులో జామాయిల్ పెట్టేయడమా, రసాయన ఎరువులు, మందులు లేని ప్రకృతి సేద్యంలోకి దిగడమా? డబ్బు లెక్క ఎవరైనా చెబుతారు. నేను చూసేది వేరు: తొలకరి వాన ఆ చేనులో ఎటు పోతుంది?

జామాయిల్‌ను తిట్టడం ఫ్యాషనైంది గానీ, దాని పక్కనా న్యాయం ఉంది. ఏటా దున్నే పని, పురుగుమందుల గోల ఉండవు. కాగితం మిల్లుకు కర్ర అడవి నుంచి కాక చేల నుంచి వెళ్తుంది. కొట్టిన మోడుకే పిలకలొస్తాయి కాబట్టి రెండో కోతకు మొక్కలు కొనక్కర్లేదు. కానీ తోటలోకి వెళ్లి కింద చూడండి. ఎండుటాకే తప్ప పెద్దగా గడ్డి ఉండదు, మేకకు మేత దొరకదు. గట్టు పక్కన పైరు ఎదగట్లేదని పొరుగు రైతు తగువుకొస్తాడు. భూగర్భ జలాల భయంతో కర్ణాటక 2017లో కొత్తగా జామాయిల్ నాటడాన్నే ఆపేసింది. కార్బన్ దాస్తుంది కదా అంటారా, నాలుగైదేళ్లకే నరికి గుజ్జుకు పంపితే దాచింది ఎంతకాలం?

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ప్రకృతి సేద్యానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన అంతర్జాతీయ గుల్బెంకియన్ బహుమతిలో వాటా దక్కింది. అందరూ ఆవు పేడ, మూత్రం, బెల్లం, పిండి కలిపి పులియబెట్టే జీవామృతం గురించే మాట్లాడతారు. నా దృష్టిలో అసలు సంగతి వానలకు ముందు చల్లే నవధాన్యాలు. పేరుకే తొమ్మిది. జొన్న, సజ్జ, అలసంద, పెసర, ఉలవ, నువ్వు, ఆముదం, ఇలా పదిహేను ఇరవై రకాల విత్తనాలకు బంకమట్టి, ఘన జీవామృతం (జీవామృతం పొడి రూపం), బూడిద పట్టించి పొడి దుక్కిలోనే చల్లుతారు. గట్టి వానలు మొదలయ్యేసరికి నేల కప్పుకుని ఉంటుంది. చినుకు మట్టిని నేరుగా కొట్టదు, నీరు వేళ్ల వెంట లోపలికి దిగుతుంది. ఖాళీ చేనులోనైతే అదే నీరు పైమట్టిని ఊడ్చుకుని వాగులో కలుస్తుంది. పూతకు తేనెటీగలు వస్తాయి, గొడ్లకు మేత, కలియదున్నితే నేలకు ఎరువు.

చిక్కులూ ఉన్నాయి. వేసవిలో ఊరి గొడ్లన్నీ చేలల్లోనే తిరుగుతాయి. ఒక్కరే చల్లితే మేకలకు పండగ. చుట్టుపక్కల నలుగురూ కలిసి చల్లితేనే నిలుస్తుంది. రెండోది కౌలు. ఏడాదికోసారి చేను మారే కౌలురైతు వచ్చే ఏటి మట్టి కోసం ఈ ఏడు ఎందుకు కష్టపడతాడు? ప్రకృతి సేద్యం పథకంలో శిక్షణ ఉంది, ఊళ్లో చేసి చూపించే రైతులున్నారు. నేలలోకి దింపిన నీటికి ఎకరానికి ఇంతని ఇచ్చేది మాత్రం లేదు. చెట్టైతే లెక్కకు అందుతుంది: తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతికించాలంటుంది. ఇంకిన నీటికి అలాంటి లెక్క రాయడం నేనెక్కడా చూడలేదు.

ఈ రెండూ కాదంటే, నీటి వసతి ఉన్నచోట మామిడి పెట్టొచ్చు. వరుసల మధ్య కంది, ఉలవ వేసుకోండి.

నా ఓటు నవధాన్యాలకు, గట్ల మీద కానుగ, పచ్చిరొట్ట ఎరువుకు పనికొచ్చే గ్లిరిసిడియా చెట్లకు. చేను ముఖం చూసే తీరికే లేదంటే జామాయిల్ వేసుకోండి గానీ వాలు నేలలో, బావి దగ్గర వద్దు. కౌలుకిచ్చేట్టయితే కనీసం మూడేళ్లకు రాసివ్వండి, నవధాన్యాల విత్తన ఖర్చు మీరే పెట్టుకోండి.