ముక్కులో ఇన్సులిన్ తుంపరా, ఉదయపు నడకా?

వయసు పైబడేకొద్దీ మెదడు కణాలు ఇన్సులిన్ సంకేతానికి మునుపటిలా స్పందించవు. మెదడులో కొత్త జ్ఞాపకాలను కూర్చే భాగమైన హిప్పోకాంపస్‌లో ఇన్సులిన్ సంకేతాన్ని అందుకునే గ్రాహకాలు మెండుగా ఉంటాయి గనుక ఆ లోటు మతిమీద పడుతుంది. ముక్కు ద్వారా ఇన్సులిన్‌ను మెదడుకు చేర్చడం సూటి దారిగానే తోస్తుంది గాని, అల్జీమర్స్ తొలిదశలో ఉన్నవారిపై జరిపి 2020లో ప్రచురించిన 12 నెలల అమెరికా పరీక్షలో మేలు కనిపించలేదు.

నడక సంగతి వేరు. 2011లో వెలువడిన అధ్యయనంలో, మతిమరుపు జబ్బు లేని 120 మంది పెద్దల్లో, వారానికి మూడు రోజులు 40 నిమిషాల చొప్పున నడిచినవారి హిప్పోకాంపస్ ఏడాదిలో సుమారు 2 శాతం పెరగగా, ఒళ్ళు సాగదీసే కసరత్తులకే పరిమితమైనవారిలో అది కుంచించుకుపోయింది. ఈ రెండు పరిశోధనల్లోని మనుషులు ఒకే స్థితిలో లేరన్నది మరువరాదు. అయినా నా మొగ్గు నడకవైపే. విశాఖ బీచ్ రోడ్డులో కాళీమాత గుడి నుంచి కురుసుర జలాంతర్గామి దాకా నడుస్తూ, నిన్న రైతుబజారులో కొన్న కూరలను నాన్నగారు వేళ్ళమీద లెక్కపెట్టి చెబుతుంటారు.