డోలమైట్స్ పచ్చికల్లో ఆర్కిడ్లు: ఎక్కడ ఉండాలి, ఎక్కడ వెతకాలి

ఉత్తర ఇటలీలోని డోలమైట్స్ కొండల్లో అడవి ఆర్కిడ్లు చూడాలంటే జులై మొదటి వారాలే మంచి అదను. ఆ తర్వాత గడ్డి కోతలు మొదలవుతాయి, పూలూ దాంతోపాటే పోతాయి. మేం మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా బోల్జానోకి రైల్లో, అక్కడి నుంచి బస్సులో సియుసి ఊరు చేరాం.

ముందు ఆల్పె ది సియుసి. 1,800 మీటర్ల ఎత్తున 56 చదరపు కిలోమీటర్ల పచ్చిక. ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా సొంత కార్లను పైకి పోనివ్వరు, గొండొలా (తీగ మీద నడిచే కేబుల్ కారు) లేదా బస్సు ఎక్కాల్సిందే. ఎరువేసిన పచ్చికల్లో వెతకడం దండగ, ఏపుగా పెరిగిన గడ్డి ఆర్కిడ్లను బతకనివ్వదు. పలచటి గడ్డిలోకి వెళ్లగానే నల్ల నైగ్రిటెల్లా ఆర్కిడ్లు గుంపులుగా కనిపించాయి. బొటనవేలి కొసంత ముద్ద, నలుపు తిరిగిన ఎరుపు, వంగి వాసన చూస్తే అచ్చం చాక్లెట్. పక్కనే పొడవాటి గులాబీ రంగు కంకులతో ఇంకో ఆర్కిడ్, జిమ్నడీనియా.

ఈ రెండూ కలిసి పూసినచోటే వాటి హైబ్రిడ్‌ (రెండూ కలిసి పుట్టిన సంకర మొక్క) కోసం వెతకాలి. పగలు తిరిగే ఒక రకం చిమ్మటలు రెండింటి మీదా వాలతాయి. రంగు చూసి తేల్చేయొద్దు, లెన్స్ పెట్టి పువ్వు పెదవి (మిగతా రేకులకి భిన్నంగా ఉండే రేకు) చూడండి. నైగ్రిటెల్లాలో అది పైకి, జిమ్నడీనియాలో కిందికి ఉంటుంది. మాకు దొరికిన మొక్కలో పెదవులు పక్కలకి తిరిగి ఉన్నాయి. పువ్వు వెనక తోక నైగ్రిటెల్లాకున్నట్టు చిన్న సంచీలానూ లేదు, జిమ్నడీనియాకున్నట్టు దారంలా సాగనూ లేదు. ఒళ్లు పులకరించింది! ఎర్ర నైగ్రిటెల్లా సంగతి వేరు. అది పరపరాగ సంపర్కం లేకుండానే విత్తనం కడుతుంది, దాని హైబ్రిడ్లు చాలా అరుదు.

బసకి పైన పచ్చిక మీదే ఉన్న కొంపాచ్చియో హోటళ్లు ఖరీదే, అయినా నా ఓటు వాటికే. జనం రాకముందే పొద్దున్నే పచ్చికలోకి దిగొచ్చు. కింద ఊళ్లో గది చవక, బస చేసినవాళ్లకిచ్చే గెస్ట్ పాస్‌తో బస్సులు ఉచితం. శాకాహారులు పాలకూర కనెడెర్లిని (రొట్టెతో చేసే ఉండల్ని) వెన్నతో అడగండి, సూప్‌లో వద్దు, అది తరచూ మాంసంతో కాచిందే ఉంటుంది. డబ్బు కట్టి వెళ్లిన ఒక గైడెడ్ వాక్ మాత్రం నిరాశపరిచింది. ఎక్కడా నిలబడనివ్వలేదు, ఆర్కిడ్లు చూడటమంటేనే నిలబడటం.

2,200 మీటర్లు దాటిన సెల్లా కనుమలో మోటార్‌సైకిళ్ల హోరు ఎక్కువ. కానీ గడ్డి పొట్టి, రోడ్డు నుంచి నాలుగడుగులు వేస్తే పూలే. పెద్దవాళ్లతో వెళ్తే అదే నయం. హైబ్రిడ్ కోసమైతే నేను మళ్లీ ఆల్పె ది సియుసికే వెళ్తాను.